అటక మీద అడుగుల చప్పుడు

కోనసీమలో అంబాజీపేట వైపు చాలా ఇళ్లలో అటక వేసిందే కొబ్బరికాయ కోసం. బాగా ముదిరిన కాయల్ని పీచు తీయకుండా పైకెక్కించి రాశి పోస్తారు. ఎనిమిది నెలలో, పది నెలలో, ఒక్కోసారి ఏడాదో అవి అక్కడే ఉంటాయి. లోపలి నీరు ఇంకిపోతుంది. కొబ్బరి చిప్పను వదిలేసి గుండ్రంగా ముడుచుకుంటుంది. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గుడుగుడుమని ఆడుతుంది. అప్పుడది కురిడీ. లారీలెక్కి ఉత్తరాది రాష్ట్రాలకు పోయే ఆ కురిడీకి ఇన్నాళ్లూ నీడనిచ్చింది ఈ అటకలే.

ఇప్పుడా అటకల మీదికి మనుషులు ఎక్కుతున్నారు. కొబ్బరి ధర ఏడాదికో తీరుగా ఉండడంతో కురిడీ పట్టడం మానుకున్న ఇళ్లున్నాయి. అటక ఖాళీ అయింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ, బెంగళూరు నుంచీ, అమెరికా నుంచీ పిల్లలు దిగుతారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని వాళ్ల స్నేహితులూ వస్తారు. కింద గదులు చాలవు. పైకి ఓ కిటికీ పెట్టించి, నిచ్చెన తీసేసి మెట్లు వేయించి, నాలుగు పరుపులు పరిస్తే గది తయారు. పర్యాటకులకు అద్దెకిచ్చే ఆలోచనతో అటకను బాగు చేయించుకుంటున్న వాళ్లూ ఉన్నారు.

మొదటి రాత్రే సంగతి తెలిసిపోతుంది. పైన ఎవరో మంచినీళ్లకని లేస్తారు. పలక కిర్రుమంటుంది. రెండో అడుగుకి ఇంకోచోట కీచుమంటుంది. కింద తాతయ్యకు మెలకువ వస్తుంది. ఆయన దగ్గు పలకల సందుల్లోంచి పైకి పాకి పసిపిల్లను లేపుతుంది. తెల్లారి కాఫీలయ్యేసరికి ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చేస్తారు: ఈ చెక్కంతా పీకించేసి శ్లాబు వేయించేద్దాం.

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగమని అడగడానికే ఈ కథనం. కిర్రుమన్నంత మాత్రాన చెక్క పాడైనట్టు కాదు. ఎక్కడో వదులైంది, అంతే. వదులైనదాన్ని బిగించవచ్చు. చప్పుడు కిందికి దిగే దారిని మూయవచ్చు. రెండూ మన వడ్రంగులకు చేతనైన పనులే. కావలసిన సామానులో ముఖ్యమైనది మన తోటల్లోనే దొరుకుతుంది.

నీళ్ల మీద వచ్చిన టేకు

డెల్టాలోని పాత మండువా లోగిళ్లకు టేకు గోదావరి మీదుగా వచ్చేది. ఎగువ అడవుల్లో కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి నీటి వాలున వదిలితే రాజమండ్రి చేరేవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు పొలాలకు నీళ్లూ ఇచ్చాయి, పడవలకు దారులూ అయ్యాయి. ఆ కాలవల వెంట పండిన పంటతో కట్టిన ఇళ్లివి. నాలుగువైపులా వసారాలు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, పైన పెంకు. పెంకుకీ గదులకీ మధ్య టేకు పలకల అటక.

ఆ అటక ఎన్ని పనులు చేసేదో! ఎండ వేడిని కిందికి దిగనిచ్చేది కాదు. గుండిగలు, గంగాళాలు, విత్తనాల బస్తాలు, ఊరగాయ జాడీలు అన్నీ దాని మీదే. వరదొస్తే ఇల్లంతా అటకెక్కేది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద దాటినప్పుడు లంక ఊళ్లలో సామానుకూ మనుషులకూ దిక్కయింది అటకలూ, కప్పులూ. 2022 జులైలో మళ్లీ 25 లక్షలు దాటినప్పుడూ జనం ముందు చేసిన పని సామాను పైకి చేర్చడమే.

ఇంకో రకం అటక ఉంది. తాటి దూలాల మీద దబ్బలు ఎడం ఎడంగా పరిచి, గాలి ఆడేలా కురిడీ కోసమే కట్టింది. దాని మీద మనుషులు కాపురం ఉండకూడదు. దూలాల బలం చూపించుకుని, అవి నిలుస్తాయంటేనే పైన కొత్త నేల వేయించుకోవాలి. ఈ కథనం ప్రధానంగా టేకు పలకల అటక గురించి.

కాయల రాశి బరువు తక్కువేమీ కాదు. కానీ పోసింది పోసినట్టుంటుంది. మనిషి బరువు అలా ఉండదు. అడుగడుగుకీ ఒక పలక మీంచి ఇంకో పలక మీదికి మారుతుంది, ప్రతిసారీ పలక కాస్త వంగి లేస్తుంది. ఇళ్లలో మనుషులు తిరిగే నేలకు చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు ఓర్చుకునే శక్తి ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అటక గదిగా మారాలంటే మొదటి పరీక్ష ఇదే.

ముందు దూలం

కిర్రు సంగతి తర్వాత. దూలం చివర్లు గోడలోకి దూరిన చోటు ముందు చూడాలి. మండువా ఇళ్లలో రెండు కప్పులు కలిసే మూలల్లో వాన నీళ్లు పల్లానికి దిగుతాయి. అక్కడ రేకు తుప్పు పట్టినా, పెంకు జరిగినా నీరు గోడలోకి దిగి దూలం చివరను మెత్తబరుస్తుంది. నడుమ ఎంత గట్టిగా ఉన్నా చివర పుచ్చితే లాభం లేదు. పాత స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే మంచి టేకు లొంగదు. పుచ్చిన చోట మొన దిగిపోతుంది. సుత్తి పిడితో తట్టుకుంటూ పోతే గట్టి చెక్క ఖంగుమంటుంది, చెదలు తిన్నది డొల్లగా పలుకుతుంది.

దూలం రెండు చివర్ల మధ్య దారం లాగి కడితే నడుమ ఎంత దిగిందో కనబడుతుంది. ఏళ్ల తరబడి దిగిన దిగుడు వేరు, మనిషి నడిచినప్పుడు అదనంగా వంగేది వేరు. రెండోదే అసలు చూడాల్సింది. పన్నెండు అడుగుల దూలం మనుషుల బరువుకి సెంటీమీటరు మించి వంగకుండా ఉంటే మంచిదని ఇంజనీర్ల లెక్క. మించితే దూలం పక్కనే మరో పట్టెను ఆనించి బోల్టులతో బిగించాలి. దూలాల మధ్య అడ్డంగా కట్టె ముక్కలు బిగించినా ఊగు తగ్గుతుంది. ఈ పని ఇంజనీరుకు చూపించకుండా చేయకండి. ఊగే నేల మీద ఎన్ని స్క్రూలు బిగించినా ఆర్నెల్లలో మళ్లీ వదులవుతాయి.

కిర్రు పుట్టేచోటు

చెక్క కొట్టిన తర్వాత కూడా గాలిలో తేమతో పాటు ఉబ్బుతూ, ముడుచుకుంటూనే ఉంటుంది. తక్కువ కదిలే కలపల్లో టేకు ఒకటి. అయినా పచ్చి దుంగ పూర్తిగా ఎండేసరికి అడ్డంగా 5 శాతం దాకా తగ్గుతుంది. మన దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసి, ఎక్కడ వాడే కలపలో ఎంత తేమ ఉండవచ్చో భారతీయ ప్రమాణాలు విడివిడిగా నిర్ణయించాయంటే కారణమిదే. రాజస్థాన్‌లో సరిపడే పలక రాజోలులో సరిపడదు.

కోనసీమలో శ్రావణం భాద్రపదాల్లో పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. మాఘం నుంచి ఎండ ముదిరేకొద్దీ ముడుచుకుని సందులు తెరుచుకుంటాయి. ఏటా జరిగే ఈ సాగులాటలో మేకు చుట్టూ రంధ్రం పెద్దదవుతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తోడై ఇనుప మేకు తుప్పు పడుతుంది, దాని చుట్టూ చెక్క నల్లబడి పట్టు వదులుతుంది. కొత్తగా వచ్చిన మరో కారణం ఏసీ. అటక గదికి ఏసీ పెట్టగానే గాలిలో తేమ తగ్గి పలకలు ఇంకాస్త ముడుచుకుంటాయి. నిన్నటిదాకా మౌనంగా ఉన్న చోటు కూడా కీచుమనడం మొదలుపెడుతుంది.

ఇంతకీ ఆ సద్దు మూడు చోట్ల పుడుతుంది. పలక అంచు పక్క పలకకు రాసుకున్నప్పుడు, పలక దూలం మీద లేచి పడినప్పుడు, పలక మేకు వెంట పైకీ కిందికీ జారినప్పుడు. మూడోదే ఎక్కువ. అలాంటి మేకును పీకి చూస్తే తెలిసిపోతుంది: ఒళ్లంతా తుప్పు, చెక్క జారుతున్న కాస్త మేర మాత్రం నిగనిగలాడుతుంటుంది.

జపాన్‌లో క్యోటో నగరాన 1603లో కట్టిన నిజో కోట ఉంది. దాని వసారాల్లో నడిస్తే చెక్క నేల పిట్టల్లే కిచకిచలాడుతుంది. దొంగచాటుగా వచ్చేవాళ్లను పట్టివ్వడానికే అలా కట్టారన్న కథ ప్రపంచమంతా తిరిగింది. నిజానికి ఆ పలకల్ని కింద నుంచి పట్టి ఉంచే ఇనుప కొక్కేలూ, వాటి మేకులూ వదులై రాసుకోవడం వల్ల పుట్టే సద్దది. నిజోలో అయినా నేదునూరులో అయినా కారణం ఒక్కటే.

కిర్రు ఎక్కడ పుడుతోందో పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు, ఒక టార్చి, రెండు సుద్దముక్కలు చాలు. ఇల్లు సద్దుమణిగాక మొదలుపెట్టాలి. ఒకరు పైన చెప్పుల్లేకుండా మెల్లగా అడుగులేస్తారు. మడమ ఆన్చి, బరువంతా మోపి, తీసి, అర అడుగు జరుగుతారు. ఇంకొకరు కింద స్టూలెక్కి పలకలకు టార్చి వేసి చూస్తుంటారు.

“ఇక్కడేనా బాబాయ్?”

“కాదు, ఇంకాస్త ఎడంపక్కకి. ఆయ్, అక్కడే. మళ్లీ తొక్కు.”

తొక్కినప్పుడు పలకకీ దూలానికీ మధ్య వెలుతురు గీత ఒకటి మూసుకుని, కాలు తీయగానే తెరుచుకుంటుంది. అక్కడ వేలు ఆనిస్తే కదలిక చేతికే తెలుస్తుంది. కింద ఒక గీత, పైన ఒక గీత. గదంతా అయ్యాక చూస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. గుమ్మం ముందు, మెట్లు ఎక్కగానే, మంచం దిగే చోట గీతలు గుంపుగా ఉంటాయి. మనుషులు ఎక్కువ తొక్కే చోట్లవి. మిగతా నేల జోలికి పోనక్కర్లేదు.

బిగింపు

పాత మేకునే మళ్లీ సుత్తితో దిగ్గొట్టడం చాలామంది చేసే పని. పది రోజులు బాగుంటుంది. రంధ్రం అప్పటికే పెద్దదైంది కాబట్టి మేకు మళ్లీ పైకి లేస్తుంది. మేకు తీసేయాలి. దాని పక్కన, పాత రంధ్రానికి దూరంగా, డ్రిల్లుతో సన్నగా దారి చేసి స్క్రూ బిగించాలి. ముదురు టేకులో దారి చేయకుండా స్క్రూ తిప్పితే పలక చీలుతుంది. స్క్రూ కూడా ఇత్తడిదో, స్టెయిన్‌లెస్ స్టీలుదో అయి ఉండాలి. ఉప్పుగాలికి మామూలు ఇనుము మళ్లీ అదే కథ. తల పలక లోపలికి దిగేలా గుంట చేసి, పైన అదే టేకు ముక్కను ఫెవికాల్‌తో అతికించి చిత్రిక పడితే ఎక్కడ బిగించారో కంటికి ఆనదు.

పలకకీ దూలానికీ మధ్య సందు ఉంటే ఏటవాలుగా సన్నగా చెక్కిన టేకు ముక్కకు జిగురు రాసి కింద నుంచి దూర్చాలి. ఇక్కడే పనితనం తెలుస్తుంది. గట్టిగా కొడితే పలక పైకి లేచి పక్కన కొత్త కిర్రు పుడుతుంది. ముక్క ఆగేదాకా బొటనవేలితో నొక్కి, ఒక్క చిన్న దెబ్బ వేసి వదిలేయాలి. పలకా పలకా రాసుకునే చోట మైనమో, సబ్బో సందులోకి రుద్దితే తాత్కాలికంగా శాంతిస్తుంది. పండగ ముందు రోజు చేయదగిన వైద్యం అది.

సందులన్నీ వేసవిలో గట్టిగా పూడ్చేయడం మాత్రం ప్రమాదం. వానాకాలంలో పలకలు ఉబ్బడానికి చోటు లేక మధ్యలో పైకి లేస్తాయి. సిమెంటు, గట్టిపడే లప్పం ఏదైనా పనికిరాదు. ఈ విద్య పడవలు కట్టేవాళ్లకు తెలుసు. యానాం అవతల తాళ్లరేవు, కోరంగి ఓడల పనికి పేరు మోసినవి. పలకల సందుల్లో నూలు దట్టించి, నూనెలో కాచిన గుగ్గిలం పూసే పద్ధతి పాతకాలం పడవలది. నూలు నొక్కుకుంటుంది, మళ్లీ లేస్తుంది, నీటిని మాత్రం రానివ్వదు. అటకలో సందులకు కూడా అలా సాగే గుణమున్నదే కావాలి.

చప్పుడు దారి వేరు

కిర్రు ఆగింది. ఇక మిగిలింది దబదబ, మాటలు, టీవీ. వీటికి స్క్రూలు పనిచేయవు.

మాటలూ టీవీ గాలిలో ప్రయాణించే శబ్దం. దానికి సందు ఉంటే చాలు. ఒక అడ్డుగోడలో నూటికో వంతు తెరిచి ఉంటే, మిగతాది ఎంత మందమైనా మొత్తం మీద 20 డెసిబెళ్లకు మించి ఆపలేదని ధ్వనిశాస్త్రం చెబుతుంది. తొమ్మిది అంగుళాల పలకల మధ్య రెండున్నర మిల్లీమీటర్ల సందు ఉంటే నూటికో వంతు అయిపోయినట్టే. అందుకే తాతయ్య దగ్గు అంత స్పష్టంగా పైకి వినిపించేది. సందులు మూశాక బరువు పెంచాలి. నేల బరువు రెట్టింపైతే ఐదారు డెసిబెళ్లు తగ్గుతాయి. చెవికి చప్పుడు సగమైనట్టు అనిపించాలంటే పది డెసిబెళ్లు తగ్గాలి.

స్కాట్లండులో పాత మేడల్లో దూలాల మధ్య బూడిద, సున్నం నింపి ఈ బరువు తెచ్చేవారు. మన దగ్గర ఇసుక పోయిద్దామని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రెండంగుళాల ఇసుక అంటే చదరపు మీటరుకు 80 కిలోలు. దూలం మోయాల్సిన 200 కిలోల్లో అది ఎంత పెద్ద భాగమో చూడండి. దానికి తోడు తేమ పట్టిన ఇసుక పాత చెక్కకు చెదల్ని పిలుస్తుంది. కోనసీమ ఇంటికి ఇసుక వద్దనే నా మాట.

అడుగుల దబదబ ఇంకో రకం. మడమ తగిలిన దెబ్బ చెక్కలోకి దిగి, దూలం వెంట పోయి, గోడలోకి ఎక్కి, కింది గదిలో బయటపడుతుంది. బరువు పెంచితే కొంత తగ్గుతుంది కానీ, అసలు మందు తొక్కే పైపొరకూ దూలానికీ మధ్య మెత్తటి పొర వేయడం. ఇంగ్లండులో పాత ఇంటిని ఫ్లాట్లుగా మారిస్తే రెండు కుటుంబాల మధ్య నేలలోంచి దిగే అడుగుల చప్పుడు 64 డెసిబెళ్లకు మించకూడదని భవన నిబంధనలున్నాయి. మన దగ్గర ఒకే ఇంట్లో వాళ్లం కాబట్టి అడిగేవాళ్లుండరు. కానీ పడకగదిలో రాత్రివేళ 30 డెసిబెళ్లు దాటకుండా ఉంటే నిద్ర చెడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. పెద్దవాళ్ల నిద్ర కోసమైనా ఆ అంకెను గుర్తుంచుకోవాలి.

పీచు పని

ఆ మెత్తటి పొరకు ఎక్కడికో పోనక్కర్లేదు. కొబ్బరి పీచు నొక్కితే నొక్కుకుని మళ్లీ లేస్తుంది, తేమకు తొందరగా కుళ్లదు. పీచు పలకలు మధ్యస్థ, హెచ్చు స్థాయి శబ్దాలను బాగా పీల్చుకుంటాయని మలేషియాలో పరిశోధకులు ప్రయోగశాలల్లో చూపించారు. రబ్బరు పాలు కలిపి నొక్కిన పీచును మనం పరుపుల్లో చూస్తూనే ఉన్నాం. నేలకు కావలసింది పరుపంత మెత్తనిది కాదు. పల్చగా, దట్టంగా నొక్కినది. మరీ మెత్తనైతే నడిచేటప్పుడు నేల ఊగుతుంది, బీరువా తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

బిగించిన టేకు పలకల మీద ఈ పీచు షీటు పరవాలి. దాని మీద ప్లైవుడ్ రెండు పొరలు, కింది పొర అతుకుల మీద పై పొర అతుకులు రాకుండా. ఆ రెంటినీ ఒకదానికొకటి స్క్రూలతో బిగించాలి. పొరపాటున కూడా ఆ స్క్రూ కింది టేకులోకి దిగకూడదు. ఒక్క స్క్రూ దిగినా చప్పుడుకు దారి దొరికినట్టే, కింద వేసిన పీచంతా దండగ. గోడ పక్కన కూడా అర అంగుళం ఖాళీ వదిలి అందులో పీచు పట్టీ పెట్టాలి. పైన కావాలంటే పీచు చాప పరచుకోవచ్చు. అడుగుల చప్పుడును అతి తక్కువ ఖర్చులో తగ్గించేది ఆ చాపే. మిగతావేవీ చేయించలేని ఇంట్లో కూడా, కిర్రు సరిచేయించి మందమైన చాప పరిస్తే సగం తగాదా తీరుతుంది.

కింద ఫాల్స్ సీలింగ్ వేయించమని చెప్పేవాళ్లున్నారు. శబ్దం విషయంలో అది పనిచేస్తుంది, సందేహం లేదు. కానీ ఆ దూలాల చివర చెక్కిన పువ్వులు, పలకల మీద నూనె ఇంకిన రంగు జిప్సం వెనక్కి పోతాయి. చెదలు పట్టినా కనబడవు. పైనుంచి చేయగలిగినంత పైనుంచే చేయించండి.

మెట్ల సంగతి అందరూ మరిచిపోతారు. నడిరాత్రి ఎక్కువ కేకలు పెట్టేది అవే. అడుగు పలక, దాని వెనక నిలువు పలక కలిసే మూలలో వెనక నుంచి చిన్న చదరపు ముక్కలు జిగురుతో బిగిస్తే చాలు. కింది గది ఫ్యాను అటక దూలానికి వేలాడుతుంటే దాని ఝుంకారం రాత్రంతా పై మంచానికి చేరుతుంది. కొక్కేనికీ ఫ్యాను గొట్టానికీ మధ్య రబ్బరు బుష్ ఉందో లేదో చూడండి. పెంకు తీసి రేకు వేయించిన ఇళ్లలో వాన చప్పుడుకు అటక గదిలో మాట వినబడదు. నేలకు చేసిన ఏ పనీ దాన్ని ఆపదు. పెంకు ఉన్నవాళ్లు దాన్ని కాపాడుకోవడమే మేలు.

కలప పోతే పోయినట్టే

1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమలో కప్పులు లేచిపోయిన ఎన్నో ఇళ్లు శ్లాబు ఇళ్లుగా లేచాయి. అప్పుడు వేరే దారి లేదు. ప్రాణం నిలుపుకోవడం ముందు. ఇప్పుడు పరిస్థితి అలా కాదు. నిలబడి ఉన్న ఇంటిని కేవలం కిర్రుమంటోందని విప్పేస్తున్నారు. ఆ దూలాలు పాత కలప వ్యాపారుల చేతుల్లో పడి, ఎక్కడో నగరం శివార్లలో ఫాంహౌసు వరండాలో తేలతాయి. అలాంటి నిడివి, అలాంటి పాకం ఉన్న టేకు దూలాన్ని ఈ రోజు కొనాలంటే ఎవరికి సాధ్యం? ఇంకో నష్టం కూడా ఉంది. పాత అటకను బాగుచేసే పని లేకపోతే, చెవితో చెక్కను పరీక్షించి చిన్న ముక్కతో కిర్రు ఆపే వడ్రంగికి ఊళ్లో పని ఉండదు. పని లేని విద్యను కొడుక్కి ఎవరు నేర్పుతారు?

పని మొదలుపెట్టేటట్టయితే సంక్రాంతి చుట్టాలు వెళ్లాక మొదలుపెట్టండి. మాఘ ఫాల్గుణాల్లో పలకలు మరీ ఉబ్బీ ఉండవు, మరీ ఎండీ ఉండవు. కొత్త ప్లైవుడ్‌ను తెచ్చిన రోజే పరిచేయకుండా అటక మీదే పది రోజులు విడివిడిగా నిలబెట్టి అక్కడి గాలికి అలవాటు పడనివ్వండి. కరెంటు తీగలు పాత చెక్క మీద పోతుంటే వాటిని పైపులోకి మార్పించండి. పైపొర వేసేటప్పుడు ప్రతి దూలం చివర దగ్గరా చెయ్యి దూరేంత పలకను విడిగా, ఎత్తగలిగేలా వదలమని వడ్రంగికి ముందే చెప్పాలి. ఏటా రోహిణి కార్తెలో, వానలు దిగకముందు, ఆ పలకలు ఎత్తి టార్చి వేసి గోడ పక్కన చెదల మట్టి గీత ఉందేమో చూసుకోవాలి.